ఖాళీగా వదిలిన వరుస

రేపల్లెలోని ఓ అద్దెగదిలో, కృష్ణా నది మధ్యనున్న తమ లంక చర్చి బాప్తిస్మాల పుస్తకాన్ని పేజీ పేజీ ఫోటో తీస్తున్న టీచరమ్మ ఉన్నట్టుండి ఆగింది. ఒకప్పుడు ఆ చర్చి గంట కొట్టి, ఇప్పుడా గదిలో ఉంటున్న పెద్దాయన తలెత్తి చూశాడు.

"తాతా, మా నాన్న జెకర్యా పేరు లేదేంటి?"

"పాత పుస్తకం రెండువేల తొమ్మిది వరదలో నానిపోయిందమ్మా. ఒక్కో కాగితం ఎండబెట్టి, ఇది నేనే తిరగరాశాను."

"ఆయన పేరు చెరిగిపోయిందాండీ?"

"లేదు. శుభ్రంగానే కనబడింది. నేనే రాయలేదు."

"ఎందుకండీ?"

"వరద తీశాక లంక వదిలి మొదట పడవెక్కింది మీ నాన్నే. అతని వెనకాలే ఊరంతా కదిలింది. ఊరొద్దనుకున్నోడికి ఊరి పుస్తకంలో పేరెందుకని కోపమొచ్చింది."

"ఇప్పుడు మీరూ రేపల్లెలోనే ఉన్నారుగా?"

"ఉన్నాను. నా పేరు మాత్రం ఉంది. నేనే రాసుకున్నానుగా."

ఆమె ఫోను పక్కన పెట్టింది.

"మీది ఏ ఊరని ఎవరడిగినా, పోయేదాకా మా నాన్న లంక పేరే చెప్పాడండీ."

"ఇరవై మూడో పేజీ తియ్యమ్మా. పైనుంచి నాలుగో వరుస."

"ఇక్కడేం లేదండీ. ఖాళీగా ఉంది."

"అది అతనిదే. కోపం కొద్దీ పేరు వదిలేశాను గానీ, ఆ చోట్లో ఇంకొకరిని రాయడానికి చేతులు రాలేదు."

ఆమె పెన్ను తీసి ఆయన చేతిలో పెట్టింది.

"చెయ్యి వణుకుతోందమ్మా. నువ్వు రాయి."

"వణకనీయండి తాతా. పైనా కిందా ఉన్న పేర్లన్నీ మీ చేతిరాతే. మీరు రాశాకే ఫోటో తీస్తాను."