పాలెం పెట్టెకు నెట్టు పట్టించిన వైనం

పామర్రు సెంటర్లో మణికుమార్ టీకొట్టు ముందు బల్ల మీద రామకోటేశ్వరరావు కూర్చున్నాడంటే, బందరు బస్సు ఆలస్యమైనా ఎవరూ కంగారు పడరు. ఒకప్పుడు ఆయన ఆ ఎదురు మేడ మీదే కంప్యూటర్ సెంటర్ నడిపాడు. ఇప్పుడక్కడ కళ్ళజోళ్ళ షాపు ఉంది. ఆ సాయంత్రం పవన్‌కుమార్ అనే అబ్బాయి, హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, సెలవుకి వచ్చినవాడు, కొత్తగా కొన్న డేటా కార్డు ల్యాప్‌టాప్‌కి గుచ్చి చూపిస్తున్నాడు. గుచ్చగానే నెట్ వచ్చేసింది. బల్ల చివర ఖాళీ చేపలగంప పక్కన పెట్టుకుని పెద్దింట్లమ్మ కూర్చుంది. అమ్మకం ముగించుకుని బందరు అవతల సముద్రపొడ్డున ఉన్న తన పాలేనికి వెళ్ళాలి.

"గుచ్చగానే వచ్చేసిందా?" అన్నాడు రామకోటేశ్వరరావు టీగ్లాసు అందుకుంటూ. "అదే బాబూ మీ తరానికి రుచి లేకుండా పోయింది. మా రోజుల్లో నెట్టు అంటే తపస్సు. రెండువేల మూడో, నాలుగో అనుకో. వైర్‌లెస్ అంటే పోలీసు జీపులో ఉండేదేగా అనేవాళ్ళు జనం. అప్పట్లో ఇదుగో, ఈ పెద్దింట్లమ్మ వాళ్ళ పాలెంలో, ఎవరో సంస్థవాళ్ళు కమ్యూనిటీ హాల్లో ఒక కంప్యూటర్ పెట్టారు. వేటకి పోయేవాళ్ళకి గాలీ, అలలూ ఎట్లా ఉంటాయో ముందే తెలియాలని. ఫోను వైరేమో ఉప్పుగాలికి తుప్పు పట్టి, మనిషి మాట వినపడితేనే గొప్ప. అందుకని బందరులో మేడ మీద ఒక యాంటెన్నా, పాలెంలో హాలు మీద ఒక యాంటెన్నా, మధ్యన ఉత్త గాలి. అంతా బాగానే ఉంది, కంప్యూటర్లో పెట్టిన వైర్‌లెస్ కార్డు మాత్రం పలకదు. బెజవాడ నుంచి వచ్చినవాళ్ళు కూడా చూసి, తల గోక్కుని, చేపల పులుసు తిని పోయారు. అప్పుడు నాకు కబురొచ్చింది. నేనేమీ గొప్ప అనుకోలేదు. చిన్న పనేలే, భోజనాల వేళకి వచ్చేస్తానని మా ఆవిడకి చెప్పి, సీడీల సంచీ తగిలించుకుని బస్సెక్కాను."

"వచ్చేశారా భోజనానికి?" అన్నాడు మణికుమార్.

"ఏ రోజు భోజనానికి అని అడుగు. వెళ్ళి చూస్తే ఏముంది, కంప్యూటర్లో లైనక్స్. దాని లోపల కెర్నెల్ అని ఒక ప్రోగ్రాము ఉంటుంది మణీ, పెత్తనమంతా దానిదే. నువ్వు మీట నొక్కినా, తెర మీద అక్షరం పడినా దాన్ని అడిగే జరగాలి. కొత్త కార్డు తెచ్చి పెడితే ఆ కార్డు మాట దానికి తెలియదు. మధ్యన దుబాసీ కావాలి, ఆ దుబాసీనే డ్రైవర్ అంటారు. ఆ డ్రైవర్ని కెర్నెల్లో కలిపి, మొత్తం మళ్ళీ వండాలి. ఒక్క పేరు తప్పు పెట్టావా, తెర నల్లబడి, కెర్నెల్ పానిక్ అని రాసి, పెట్టె కొయ్యబారిపోతుంది. పైగా ఆ కార్డు చేసినవాళ్ళు అట్ట మీద ఒక చిప్పు పేరు వేసి లోపల ఇంకో చిప్పు పెట్టారు. ఆ లోపలిదానికి డ్రైవర్ అప్పటికి భూమ్మీద లేదు."

"మరి ఎక్కడ దొరికింది సార్?" అన్నాడు పవన్‌కుమార్.

"దొరకడమేంటి నాయనా, రాశాను. పొద్దున్న కూర్చుని, పక్కన మరమరాల పొట్లం పెట్టుకుని, అది అయ్యేలోపల రాశాను. అక్కడికదే పెద్ద విశేషం కాదు. వండటానికి పెట్టాను చూడు, పెట్టె వేడెక్కడం మొదలెట్టింది. తెర మీద వరసలు అట్లా పరిగెడుతూనే ఉన్నాయి. ఆ మధ్యాహ్నం పాలెంలో ముసురు, ఎండబెట్టిన చేపలన్నీ తడిసిపోయాయి. ఆడవాళ్ళు గంపలు తెచ్చి హాల్లో పెట్టారు. సాయంత్రానికి పెట్టె వేడికి అన్ని గంపల చేపలూ గలగల్లాడేట్టు ఎండాయి. అడగండి, మనిషి ఇక్కడే ఉంది."

పెద్దింట్లమ్మ "ఊఁ" అంది, గంప మీద గోనెపట్టా సర్దుకుంటూ.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ ముసురే గాలివానయింది. వేటకి పోయిన పడవలన్నీ వచ్చాయి, ఈమె పెనిమిటి, పెద్దబ్బాయి అని పేరు, అతని పడవ రాలేదు. పడవలో అతనూ, అతని బావమరిదీ. తెల్లారింది, రాలేదు. మగాళ్ళు పడవలేసుకుని వెతకడానికి పోయారు. పాలెంలో పొయ్యి వెలగలేదు. ఈమె హాలు గుమ్మంలోకి వచ్చి నన్ను అడిగింది, సారూ, ఆ పెట్టెలో మా ఆయన కనపడతాడా అని. నాకు ఇప్పటికీ ఆ గుమ్మం కళ్ళ ముందుంటుంది."

ఆయన టీ తాగకుండానే గ్లాసు కింద పెట్టాడు.

"కనపడతాడమ్మా, కొంచెం ఓపిక పట్టు అన్నాను. అన్నాక ఊరుకుంటానా? డ్రైవర్లో సిగ్నల్ జోరుకి ఒక హద్దు రాసి ఉంటుంది, దాన్ని పీకేశాను. హాలు మీద యాంటెన్నాకి ఒక పాలపిండి డబ్బా తొడిగి ఇటు తిప్పాను. మొదట బందరు దొరికింది. సరే కదా అని కొంచెం తిప్పితే కూచిపూడి దాకా పోయింది. అక్కడ డాన్సు నేర్చుకునే పిల్లలు విశ్రాంతికి కూర్చుంటే, గోడకి తగిలించిన గజ్జెలు వాటంతటవే తాళం వేశాయట. ఇంకాస్త తిప్పితే బెజవాడలో కనకదుర్గమ్మ కొండ మీద మైకులో నా దగ్గు వినపడింది."

"దగ్గా?" అన్నాడు మణికుమార్.

"ముసురు కదా, పడిశం పట్టింది. అప్పుడు నాకు తట్టింది, నేను తిప్పుతున్నది భూమి వైపు, మనిషి ఉన్నది నీళ్ళ మీద. డబ్బా సముద్రం వైపు తిప్పాను. తెర మీద మొదట ఉత్త నీళ్ళు. తర్వాత ఒక ఓడ, దాంట్లో వంటవాడు ఉల్లిపాయలు తరుగుతున్నాడు, ఇక్కడ నా కళ్ళు మండాయి. ఇంకా పోతే, అదుగో, పెద్దబ్బాయి. ఇంజను ఆగిపోయి, చొక్కా తెరచాపలా కట్టుకుని కూర్చున్నాడు. చూస్తే చాలదుగా, తీసుకురావాలి. ఆ క్షణంలో ఏం చేశానో పుస్తకాల్లో లేదు. సిగ్నల్ అతని పడవ ముక్కుకి తగిలించి, కెర్నెల్లో జోరు అంకె కొంచెం కొంచెం తగ్గించుకుంటూ వచ్చాను, మోకు చుట్టినట్టు. అంకె తగ్గినకొద్దీ పడవ దగ్గరికి. బలం చాలక యాంటెన్నా గొట్టం వంగిపోతుంటే పాలెం ఆడవాళ్ళంతా పట్టుకున్నారు. పడవ వెనకాలే ఆ తరంగాలకి మత్తెక్కిన చేపలు, పండుగొప్పలు, చందువాలు, వరసకట్టి ఒడ్డెక్కాయి. పడవ ఇసకకి తగిలింది. పెద్దబ్బాయి దిగి నేరుగా హాల్లోకి వచ్చి నా కాళ్ళకి దండం పెట్టబోయాడు. వద్దయ్యా, ముందు కంప్యూటర్ని సరిగ్గా షట్ డౌన్ చేయనీ అన్నాను."

మణికుమార్ నవ్వు ఆపుకోవడానికి స్టవ్వు మీదకి వంగాడు. పవన్‌కుమార్ బల్ల చివరికి తిరిగి, మర్యాదగానే అడిగాడు.

"నిజమేనాండీ?"

రామకోటేశ్వరరావు పెద్దింట్లమ్మ వైపు చూడకుండా రోడ్డు వైపు చూస్తున్నాడు.

"ఆ పెట్టికి నెట్టు పట్టలేదు బాబూ," అంది పెద్దింట్లమ్మ. "ఒక్కపూట కూడా పట్టలేదు. తర్వాత సంస్థోళ్ళు వచ్చి పట్టుకెళ్ళిపోయారు. మా ఆయన్ని సిగ్నలూ లాగలేదు, మోకూ లాగలేదు. ఏదో ఓడవాళ్ళు ఇద్దర్నీ ఎక్కించుకుని కాకినాడలో దింపితే బస్సెక్కి వచ్చారు. ఈయనకి దారంతా వాంతులు. సముద్రంలో పుట్టి పెరిగినోడు, బస్సు పడక సగం చచ్చి దిగాడు."

ఈసారి మణికుమార్ ఆపుకోలేకపోయాడు. పవన్‌కుమార్ కూడా నవ్వాడు. రామకోటేశ్వరరావు మాత్రం కండువాతో మెడ తుడుచుకున్నాడు. "కాకినాడ బస్సా," అన్నాడు, ఎవరో కొత్త సంగతి చెప్పినట్టు.

"అయితే ఒకటి చెప్తాను," అంది ఆమె. నవ్వులు తగ్గాయి. "మగాళ్ళందరూ వెతకడానికి పోతే పాలెం అంతా ఏడుపే. ఈ సారు ఒక్కడు ఆ పెట్టి ముందు నుంచి లేవలేదు. ఏం నొక్కేవాడో, అది నల్లబడేది, మళ్ళీ మొదలెట్టేవాడు. వచ్చేసిందమ్మా, ఇంకొక్కసారి అనేవాడు. మేమంతా పోయి ఆ హాల్లోనే కూర్చునేవాళ్ళం. లోపల ఫ్యాను రొద వినపడతా ఉంటే, మన కోసం ఎవరో ఏదో చేస్తున్నారు అన్నట్టుండేది. నాకు కన్ను మూతపడింది ఆ రొదలోనే. కాకినాడ నుంచి రోడ్డు మీది ఫోను బూత్‌కి కబురొచ్చిందని విని, చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాడు. ఆ ఉప్పునేల మీద ముళ్ళన్నీ తొక్కుకుంటా తిరిగొచ్చాడు. వచ్చి నా ముందు నిలబడ్డాడు, మాట రాదు. ఇప్పుడింత మాట్లాడతాడు కదా, అప్పుడు ఒక్క ముక్క రాలేదు. చెయ్యి మాత్రం ఊపాడు, ఉన్నాడు, ఉన్నాడు అని. ఏడుస్తున్నాడు."

ఎదురు మేడ మీద కళ్ళజోళ్ళ షాపులో లైట్లు వేశారు. రామకోటేశ్వరరావు చల్లారిపోయిన టీ ఒక్క గుక్కలో తాగేశాడు. పవన్‌కుమార్ ల్యాప్‌టాప్ మూసి, ఆయన పక్కకి కొంచెం జరిగి కూర్చున్నాడు.

బందరు బస్సు మలుపు తిరిగింది. పెద్దింట్లమ్మ లేచి గంప నెత్తికెత్తుకుంది. రెండడుగులు వేసి ఆగి, ఇటు తిరిగింది.

"సారూ, మా ఇంటికి ఎప్పుడన్నా వస్తే మీరు ఈ పాత కథే చెప్పండి. మా ఆయన మనవరాలికి అట్లాగే చెప్పుకున్నాడు, కోటేశ్వర్రావుగారు సిగ్నలేసి లాగారని. దానికి బస్సు సంగతి తెలిస్తే ఆయనకి నామోషీ."