కసావా తోటలో పిలుపు

"ఏమ్మా పిరికి అక్కా! డౌన్ సిండ్రోమ్ ఉన్న నీ పిల్లని ఒంటరిగా సంతకి పంపితే ఎవడో పిలిచి ఎత్తుకుపోతాడన్నావుగా? ఇప్పుడే పరీక్ష పెట్టి వచ్చా."

"ఏం చేశావురా?"

"కసావా తోటలో దాక్కుని, 'అకోసువా' అని దెయ్యం గొంతుతో పిలిచా."

అక్క ఉడికిన కసావా దుంపల్ని ఫుఫు ముద్దగా దంచడం ఆపేసింది. "మనిషి కనబడని పిలుపుకి పలికితే ప్రాణం పోతుందని తెలీదా! పలికిందా?"

"లేదు. ఆకు కూడా కదల్లేదు. అప్పుడు నా వెనకనుంచి, చచ్చిపోయిన మన అమ్మ గొంతు... నా పేరు పెట్టి 'యావ్' అని పిలిచింది."

"నువ్వు?"

"పలికానే అక్కా."

తలుపు చాటునుంచి మళ్లీ అదే గొంతు. "యావ్!"

వెంటనే పదహారేళ్ల అకోసువా పకపకా నవ్వుతూ బయటికొచ్చింది.

"మామయ్య పలికాడు. నేను పలకలేదు. రేపు సంతకి నేనొక్కదాన్నే వెళ్తానమ్మా. మామయ్యని మాత్రం ఒంటరిగా పంపకు."