చుక్క పెట్టిన బోల్టు

ఉదయం తొమ్మిదిన్నర. సన్నటి ముసురు. ఈ వేళకి నీ షాపు ముందు నాలుగు బండ్లయినా ఉండాలి, ఒక్కటీ లేదేం? నీ పని మీద నమ్మకం పోయిందంటున్నారు వీధిలో. అనరా మరి?

లేవకు. ఈ స్టూలు చాలు. టీ వద్దు.

మా అబ్బాయి నిన్న వచ్చి నిన్ను కొట్టాడటగా. అట ఏమిటిలే, మేడ మీంచి చూశాను. నువ్వు చెయ్యెత్తలేదు. "అన్నీ బిగించానన్నా" అన్నావు, అంతే. వాడికంటే పదేళ్ళు పెద్దవాడివి, వాణ్ణి అన్నా అంటావేమిటి?

మోటారు సైకిలు మీద నలభై రోజుల ప్రయాణం, అదీ ఉద్యోగం మానేసి మరీ. ఆలోచన కోడలిది. మా వాడికి పక్క వీధికి వెళ్ళాలన్నా బద్ధకం. వారం రోజులు నువ్వు మా వరండాలోనే మకాం. కొత్త టైర్లు, కొత్త చైను, వెనక ఇనప ఫ్రేము, దానికి రెండు వైపులా పెట్టెలు. ఆ పిల్ల నీ పక్కన గొంతుక్కూర్చుని స్పానర్లు అందించేది. "అత్తయ్యా, మీరూ రండి, ఈ పెట్టెలో పడతారు" అని హాస్యం. నవ్వాను. ఏం చెయ్యను?

నీ పద్ధతి నాకు తెలియందా? మా ఆయన నేర్పిందేగా. బోల్టు బిగించగానే దాని మీద పసుపు పెయింటు చుక్క. చుక్క ఉన్నదాన్ని మళ్ళీ ముట్టకూడదు. ముట్టుకుంటే మన పని మీద మనకే నమ్మకం లేనట్టు అనేవారు. ఆయన పోయి ఏడేళ్ళయినా నువ్వది మీరలేదు. మీరి ఉంటే బాగుండేది.

బయల్దేరే ముందు రోజు మధ్యాహ్నం వాళ్ళిద్దరూ వానకోట్లు కొనడానికి వెళ్ళారు. నువ్వు భోజనానికి పోయావు. స్పానరు అక్కడే ఉంది. పెయింటు డబ్బా కూడా.

అలా చూడకు.

ఎడమ పెట్టె మోసే రెండు బోల్టులు. పూర్తిగా కాదు, సగం వదులు చేశాను. మెకానిక్ పెళ్ళాన్ని, ఆ మాత్రం తెలీదా? వీధి చివర గతుకులో పెట్టె ఊడి పడుతుంది, బట్టలన్నీ బురదపాలు, నలుగురూ నవ్వుతారు, ఆ పిల్ల మొహం మాడ్చుకుని వెనక్కి వస్తుంది. నేననుకున్నది అంతే. చెదిరిన చుక్కల మీద మళ్ళీ చుక్కలు పెట్టాను. స్పానరూ డబ్బా ఉన్నచోటే పెట్టేశాను.

పొద్దున నువ్వు బండి చుట్టూ తిరిగి చుక్కలు చూసుకున్నావు. "అన్నీ ఉన్నాయక్కా, భయం లేదు" అన్నావు. నాతోనే.

బండి గతుకు దాటేసింది. పెట్టె కదల్లేదు. నేను గేటు దగ్గరే నించున్నాను. కేకేస్తే వినపడేంత దూరమే. ఆ పిల్ల చెయ్యూపింది. నేనూ ఊపాను.

రెండు రోజులు ఫోను చేశారు. బండి బ్రహ్మాండంగా ఉందన్నారు. అప్పుడైనా చెప్పచ్చు. చెబితే ఇంకేముంది, ఆ పిల్ల జన్మలో నా మొహం చూడదు, వాణ్ణీ చూడనివ్వదు. మూడో రోజు దిగుడు రోడ్డులో పెట్టె జారి చక్రంలో పడింది. ఆ పిల్ల కాలు మధ్యలో.

మోకాలి కింద తీసేశారు. మా వాడికి మోచెయ్యి గీరుకుంది.

ఆస్పత్రిలో నా చెయ్యి పట్టుకుని ఏమందో తెలుసా? "మెకానిక్ అన్నని ఏమీ అనద్దని మీ అబ్బాయికి చెప్పండత్తయ్యా. కావాలని చేసి ఉండడు" అంది.

నేను వాడికి ఆ మాట చేరవెయ్యలేదు.

నీకు చెప్పాను. ఇంకెవరికీ చెప్పను. నువ్వు చెప్పినా ఎవరు నమ్ముతారు? షాపు ఇంకో ఊళ్ళో పెట్టుకో. పనొచ్చినవాడివి, ఎక్కడైనా బతుకుతావు. నాకు ఇంకో కొడుకు ఎక్కడ దొరుకుతాడు?

వెళ్ళింది ఇద్దరు. క్షేమంగా ఇల్లు చేరింది ఒకడు. ఆ ఒకడూ నా వాడే. తల్లిని కదా తమ్ముడూ, నేను అక్కడితో లెక్క ఆపేశాను.