వంటింట్లో మోటారు స్విచ్

వంటగది. స్విచ్‌బోర్డు విప్పుతున్న కరెంటు మేస్త్రి. పక్కన తల్లి, చేతిలో కాగితంతో కూతురు. సాయంత్రం ఇంటి పెద్దాయన సంస్మరణ సభ; మేస్త్రికి పని నేర్పిన గురువు ఆయనే.

"చదవకు. నేను వినను."

"రెండు ముక్కలేనమ్మా. సాయంత్రం అందరి ముందూ చదవాలి. 'భార్యను కంటికి రెప్పలా చూసుకున్న భర్త...'"

"కంటికి రెప్పా! ఆ రెప్ప ఎప్పుడూ మూసే ఉంచి నాకేమీ కనబడకుండా చేశాడని రాయి."

"అమ్మా! మేస్త్రన్నయ్య వింటున్నాడు."

"విననీ. వాడికి తెలియని గురువా? ఏరా, తెలిసిందా మోటారుకేం రోగమొచ్చిందో?"

"చూస్తున్నానండీ అమ్మగారూ."

"ఆయన పోయిన రోజు నుంచీ ఇంతే. ట్యాంకు ఎండిపోయింది. పక్కింటివాళ్ల బకెట్లతో బతుకుతున్నాను."

"అందుకేగా మా ఇంటికి వచ్చెయ్యమనేది. నీళ్లకే దిక్కులేని ఇంట్లో ఒక్కదానివీ ఎలా ఉంటావమ్మా?"

"ఇన్నేళ్లూ ఈ ఇంట్లో మోటారు ఎవరు వేశారే? నేను. ఈ స్విచ్ నాది. ఇవాళ నీళ్లొస్తే నేనిక్కడే ఉంటాను, నువ్వు మళ్లీ నోరెత్తకూడదు. ఒప్పుకున్నావా లేదా?"

"ఒప్పుకున్నాను. రాకపోతే మాత్రం రేపే తాళం."

"వస్తాయి. ఒరేయ్, రావాలి!"

"అబ్బ, అన్నయ్య మీదెందుకు అరుస్తావు? ఇది విను. 'మనవరాలికి దగ్గరుండి సైకిలు నేర్పిన తాత...'"

"నేర్పాడా? సీటు వదిలితేగా అది నేర్చుకునేది! అది తొక్కడం, ఈయన పట్టుకుని వెనకాల పరిగెత్తడం. వీధంతా నవ్వేవాళ్లు. దానికి ఇవాళ్టికీ రాదు సైకిలు."

"పడిపోతుందని భయం ఆయనకి."

"పడనివ్వాలి!"

"నాకు పెళ్లయ్యాక కూడా మా ఇంట్లో బల్బు మార్చడానికి నాన్నే బస్సెక్కి వచ్చేవాడు. నేనెప్పుడూ తిట్టుకోలేదే?"

"నీకేం, నీ బల్బు వెలిగింది. నేను ఆయనతో కాపురం చేశాను. ఫ్యూజు పోతే 'నువ్వుండు'. గ్యాసు మార్చాలంటే 'నువ్వుండు'. బ్యాంకుకెళ్తానంటే 'ఎండలో నువ్వెందుకు, నువ్వుండు'. ఉన్నాను. ఉండీ ఉండీ ఇలా తయారయ్యాను. ఈ ఒక్క స్విచ్చూ పోట్లాడి పెట్టించుకున్నాను."

"పోట్లాడా? దీని కోసమా?"

"నువ్వు కడుపులో ఉన్నప్పుడు తడి చేత్తో పెరట్లో మోటారు స్టార్టర్ ముట్టుకుని షాక్ కొట్టి పడ్డాను. అంతే, మోటారు గదికి తాళం పడింది. 'నీళ్లు కావాలంటే నన్నడుగు' అన్నాడు. నా ఇంట్లో నేను నీళ్లు అడుక్కోవాలా? పొయ్యి వెలిగించలేదు, మాట్లాడలేదు. దెబ్బకి దిగొచ్చి వంటింట్లోనే స్విచ్ పెట్టాడు. 'ఇదిగో తల్లీ, ఇక నీ ఇష్టం' అన్నాడు."

"మరి అంత చేసిన మనిషి మీద ఏంటమ్మా నీకీ కోపం? మనిషే పోయాడు, నీ కంట్లో ఒక్క చుక్క లేదు. అందరూ నన్నడుగుతున్నారు."

"నాకు ఏడుపు రాదే. ఒళ్లు మండుతుంది. గుండెపోటొచ్చినప్పుడు డాక్టరు ఏమన్నాడు? మంచం దిగొద్దన్నాడు. మంచినీళ్లకి కూడా నన్నే పిలవమన్నాడు. ఆసుపత్రి నుంచి తెచ్చిన మర్నాడే... నేనిటొచ్చి గిన్నెలు ముందేసుకున్నానో లేదో, అటు పెరట్లోకెళ్లి మోటారు గది గుమ్మంలో పడ్డాడు. ఏం పని అక్కడ? ఎందుకెళ్లాడు? పిలిస్తే నేను పలకనా?"

"గాలి కోసం వెళ్లాడేమోనమ్మా."

"గాలి కావాల్సినవాడు పడగ్గదిలో పడుకోవాలి. కాదు, మంచం పనిగదిలోనే వెయ్యాలని మంకుపట్టు. ఆ డ్రిల్లు మిషన్ల మధ్య, వైర్ల మధ్య. చెప్తే విన్నాడా? నన్నిలా వదిలేసి పోయినందుకు ఆయన్ని నేను క్షమించను. రాసుకో. సాయంత్రం అది చదువు."

"అమ్మగారూ..."

"ఏంట్రా?"

"ఈ స్విచ్ వేస్తే మోటారు వెంటనే వచ్చేదాండీ?"

"వెంటనే ఎక్కడ? కాస్త ఆలోచించుకుని వచ్చేది. అడిగితే, పాత మోటారు కదా, అంతే అనేవాడు."

"గురువుగారు ఇంట్లో లేనప్పుడూ?"

"అప్పుడసలు వచ్చేదే కాదు. వోల్టేజీ లేదనేవాడు. ఊరెళ్తే ట్యాంకు నింపి మరీ వెళ్లేవాడు. ఎందుకడుగుతున్నావు?"

"ఊరికేనండీ. ఇది పీకేసి కొత్త స్టార్టరు ఇక్కడే బిగించేస్తాను. గంటలో నీళ్లొస్తాయి."

"ఈ పాతదానికేమైంది?"

"ఏమీ కాలేదండీ."

"ఏమీ కాకపోతే పనిచెయ్యాలిగా?"

"పనిచేస్తూనే ఉందండీ."

"మరి నీళ్లేవిరా?"

"కొత్తది పెడతాను కదండీ, ఇప్పుడు దీని సంగతి..."

"ఒరేయ్! నువ్వు కూడా ఆయనలా అన్నీ నీ కడుపులో పెట్టుకున్నావంటే ఆ స్క్రూడ్రైవరు లాక్కుని వీధిలోకి గెంటుతాను. ఏముందా వైరులో?"

"చెప్పన్నయ్యా. లేకపోతే నిజంగానే గెంటుతుంది."

"ఈ వైరు... మోటారు దగ్గరికి వెళ్లలేదండీ."

"మరెక్కడికెళ్లింది?"

"గురువుగారి పనిగదికి. గోడకి చిన్న ఎర్రబల్బుంది చూడండి, దానికి. మీరు ఇక్కడ స్విచ్ వేస్తే అది వెలుగుతుంది. అంతేనండీ."

"వెలిగితే?"

"చూసి, ఆయనే లేచి పెరట్లోకెళ్లి మోటారు వేసేవారనుకుంటానండీ. మీరు తీసేస్తే మళ్లీ వెళ్లి ఆపేవారు."

"నాన్నా? రోజూనా? వానలో కూడానా? అమ్మా, విన్నావా! నువ్వు అడుక్కోకూడదని... నీ మాట పోకూడదని! అయ్యో నాన్నా! సాయంత్రం ఇదే చెప్తాను, ఇంకేం వద్దు. ఇప్పటికైనా పోయిందా నీ కోపం?"

"ఆ బల్బు..."

"ఏంటమ్మా?"

"నిన్ను కాదు. ఒరేయ్, ఆ బల్బు మంచం మీదికి కనబడుతుందా?"

"కొత్తది బిగించేస్తానండీ, మీరు కాసేపు కూర్చోండి..."

"కనబడుతుందా అని అడుగుతున్నాను!"

"కాళ్ల వైపు గోడకే ఉందండీ. ఎదురుగా."

"అమ్మా, కూర్చో. ఏమైంది, చెప్పు!"

"ఆ పొద్దున... గిన్నెలకి నీళ్లు రావట్లేదని, తిట్టుకుంటూ, టకటకా వేస్తూనే ఉన్నానే ఈ స్విచ్."