రెండో ఆదివారం మీటింగు

వీపనగండ్ల బస్టాండులో టిఫిన్ గిన్నెతో నిలబడ్డ ఒక తల్లిని స్వచ్ఛంద సంస్థ సారు చూశాడు.

“యాడికి పోతున్నవమ్మా? పిల్లలతోటి ఎట్ల గడపాల్నో చెప్పనీకి తల్లిదండ్రులకు మీటింగు పెట్టినం గదా!”

“ఈ దినం రెండో ఆదివారం సార్. గురుకులంల పిల్లలను చూడనిచ్చేది నెలకు ఈ ఒక్క దినమే. మా నస్రీన్‌కు బగారన్నం తీస్కపోతున్న.”

“వచ్చే నెల పోరాదా?”

“పోవచ్చు సార్. ‘నీతోటి ఎట్ల గడపాల్నో నేర్చుకుంటున్న, అందుకే రాలే’ అని బిడ్డకు చెప్త.”

“గట్ల మాట్లాడకమ్మా. మాకు గూడ ఆదివారమే కుదుర్తది. నా బిడ్డ ఏడుస్తుంటే ఇంట్ల ఇడ్సిపెట్టి వచ్చిన.”

“అయితే మీరు ఇంటికి పోండ్రి సార్, నేను గురుకులానికి పోత. మీటింగు మంచిగ జరిగిందని రాసుకోండ్రి.”