తాకిందా బిడ్డా?

సభకు, మన కబడ్డీ సంఘానికి అధ్యక్షులైన కిషన్ రావు గారికి, వేదిక మీది పెద్దలకు, ముందు వరుసల కాళ్లు ఊపుకుంట కూసున్న నా కబడ్డీ పిల్లలకు, ఇన్నేండ్లు తన ఆదివారాలన్ని మాకే ఇచ్చేసిన సారు ఇల్లాలు శకుంతలమ్మకు, ఈ శాలువా ఎప్పుడు తీసి పక్కన పెడుదామా అని చూస్తున్న మా సదానందం సారుకు, పీఈటీ సుభాషిణి నమస్కారం. (నవ్వులు)

కాజీపేట రైల్వేల నౌకరి చేసుకుంట, సెలవు దొరికినప్పుడల్లా ఈల మెడల వేసుకొని పిల్లల ఆటలకు రెఫరీగ నిలబడి, ఇయ్యాల ఆ ఈల దించుతున్న సార్ సేవ గురించి కిషన్ రావు గారు మస్తు చెప్పిన్రు. ఒక్కటి మాత్రం చెప్పలే. వారికి నచ్చదు గనక చెప్పలే, నేను చెప్త. కూతకు వచ్చిన పిల్ల అవతలి పిల్లను తాకిందో లేదో కనపడకపోతే సార్ అందాజగ ఈల ఊదరు. ఆట ఆపి, ఆ అవతలి పిల్లనే అడుగుతరు, "తాకిందా బిడ్డా?" అని. ఆ పిల్ల ఏం చెప్తే అదే తీర్పు. దీని మీద సంఘం మీటింగులల్ల ఎంత లొల్లి! "రూల్ బుక్కుల ఏడున్నది సదానందం?" అంటే, "ఏడ లేదు. నాకు కనపడలే, తెలిసినదాన్ని అడగొద్దా?" అనేటోళ్లు.

నేను ఆడే రోజులల్ల నన్ను గూడ అడిగిన్రు. పరకాలల జూనియర్ ఫైనల్. గెలిచినోళ్లు స్టేట్ పోటీలకు పోతరు. పాయింట్లు సమానం, ఆఖరి కూత. కాజీపేట పిల్ల శోభారాణి వంగి చెయ్యి విసిరి తిరిగి తన దిక్కు గీత దాటింది. నా మోకాలికి ఆమె గోరు తగిలింది, అంతే. ఔనంటే వాళ్లు గెలిచినట్టు. చుట్టు, ఆట చూడ బస్సెక్కి వచ్చిన మా ఊరంత ఉన్నది. మా నాయిన సారంగపాణి, అగో, మూడో వరుసల తల దించుకున్నాయనే, "లేదని చెప్పవే!" అని ఒకటే కేకలు. నాకు మాత్రం సార్ మొఖమే కనపడుతున్నది. నేనేం చెప్పినా నమ్మేటట్టు చూస్తున్నరు. అట్ల చూసే మనిషికి అబద్ధం ఎట్ల చెప్పాలె?

"తాకింది సార్" అన్న. ఓడిపోయినం.

ఊరికి తిరిగొచ్చే బస్సుల మా నాయిన నా పక్క సీటు ఇడిసి ముందటికి పోయి కూసున్నడు. ఆ వారమే సార్ మా ఇంటికొచ్చిన్రు. "చూడనోళ్లకు ఈల ఎందుకు సార్?" అని మా నాయిన మొఖం మీదనే అడిగిండు. సార్ చాయ తాగి, "నిజమే పాణీ. నీ బిడ్డ లేకుంటే ఆ రోజు నేను తప్పు తీర్పు ఇచ్చేటోణ్ని" అన్నరు. పోయేటప్పుడు, ఆట అయినంక కెప్టెన్‌తోని కలిపినట్టు, నాతోని చెయ్యి కలిపిన్రు. మా ఇంట్ల ఆడపిల్లతోని అట్ల చెయ్యి కలిపినోళ్లు అప్పటిదాక లేరు. ఆ గర్వం నాకు ఇయ్యాల్టికి తగ్గలే. మా నాయిన సంగతంటరా, స్టేట్‌కు పోయిన టీము పేరు మర్చిపోయిండు గని, "మా పిల్ల ఔనన్నది" అని తన ఆటో ఎక్కినోళ్లందరికి చెప్తడు. (నవ్వులు)

రేపటి మ్యాచులకు సంఘం సార్ జాగల నన్ను రెఫరీగ పెట్టింది. "ఆ అడుగుడు మాత్రం సారుతోనే బంద్" అని గూడ చెప్పిన్రు. కిషన్ రావు గారూ, మీరంటే నాకు చాలా గౌరవం. కాని నాకు కనపడకపోతే నేను గూడ అడుగుత. తర్వాత తీసేస్తే తీసేయండ్రి. (చప్పట్లు) పిల్లలూ, బయట మీ నాయినలు ఎంత ఒర్లినా, మీరు నా మొఖం దిక్కు చూడుండ్రి.

సార్, మీ కండ్లల్ల నీళ్లా? ఇక్కడి నుంచి నాకు సరిగ కనపడుత లేదు, అందుకే అడుగుతున్న.

(విరామం)

లేవంటున్నరు. సరే, లేవు. మీరు చెప్పిందే తీర్పు.

ఓపికగ విన్న అందరికి దండాలు. సెలవు.