గాలికి పడ్డ తలుపులు

ఫ్రాన్సులో జూలై పద్నాలుగు జాతీయ పండగకు ముందు సాయంత్రం. నాంత్ నగరంలో మూడో అంతస్తు. చెత్త పారేద్దామని హలీనా ఇలా బయటికి అడుగు పెట్టిందో లేదో, వెనక తలుపు గాలికి ధడేలున పడి మూసుకుపోయింది. బయట పిడి లేని తలుపు అది, తాళంచెవి లేనిదే తెరుచుకోదు. చప్పుడు విని ఎదురింటి ఒడెట్ మామ్మగారు తొంగిచూసింది.

"మామ్మగారూ, పొయ్యి మీద జామ్ ఉడుకుతోంది! తాళంచెవి, ఫోను లోపలే ఉండిపోయాయి."

"ఇంకో తాళంచెవి నా దగ్గరుంచమని ఎంత మొత్తుకున్నాను? నమ్మకం లేదు కదూ?"

"పోలండు నుంచి కొత్తగా వచ్చాను కదా, భయమేసింది. అదిగో, మాడు వాసన!"

"కింద పండగవాళ్ళు సాసేజులు కాలుస్తున్నారే పిల్లా."

"మరి తలుపు సందులోంచి ఈ పొగేమిటి?"

"అయ్యో, ఏదీ?"

మామ్మగారు గభాలున బయటికొచ్చింది. ఆవిడ వెనకా ధడేల్‌మంది.

"మీ తలుపు కూడా పడిపోయింది!"

"పోనీ. ముందు నీ మంట సంగతి చూడాలి. ఏటా లాగే వీధి చివర ఫైర్‌స్టేషన్లోనే కదా ఇవాళ పండగ డాన్సులు! మంటలార్పేవాళ్ళందరూ అక్కడే ఉంటారు, పద."

"మీరు ఇంట్లోకి ఎలా వెళ్తారు?"

"నా రెండో తాళంచెవి నువ్వొచ్చిన రోజే నీ చేతిలో పెట్టాగా. ఇంకెందుకే భయం?"

మెట్ల మీద హలీనా కాళ్ళు ఆగిపోయాయి.

"అది నా వంటింట్లో, పొయ్యి పక్కనే వేలాడుతోంది మామ్మగారూ."